కొంచెమే అయినా వదలకుండా

రామగిరి పేరు చెప్పగానే మన ప్రాంతపు పెద్దలకు బంగారు గనులు గుర్తుకొస్తాయి. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మండలంలో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో విదేశీ కంపెనీలు బంగారం తవ్వాయి. చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వ రంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మళ్లీ ఆ పని చేపట్టింది. 2001లో ఆ సంస్థ మూతపడింది. గనిలో పనిచేసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. బంగారం ముద్దలు ముద్దలుగా దొరకదు. టన్ను రాయిని పగలగొట్టి, పొడి చేసి, శుద్ధి చేస్తే తేలేది కొన్ని గ్రాములే. ఆ గ్రాములను తూచి పుస్తకంలో రాసుకోవాలి. తూకం లేకపోతే గని లాభంలో ఉందో, నష్టంలో ఉందో చెప్పగలిగేవారు ఉండరు.

మన శరీర ఆరోగ్యం విషయం కూడా ఇంతే. బలం ఒక్క రోజులో రాదు. వచ్చిన బలం ఒక్క రోజులో పోదు. వచ్చేది గ్రాముల్లోనే, పోయేది గ్రాముల్లోనే. అయితే మనలో చాలామంది రాబడికి తొందరపడతారు, పోయేదాన్ని గమనించరు. ఇంటి ఖర్చు లెక్క రాస్తాం. చిట్టీ పాటల లెక్క రాస్తాం. పెళ్లిళ్లలో ఎవరెంత చదివించారో ఇరవై ఏళ్లయినా దాచుకుంటాం. కానీ ప్రాణం నిలిచి ఉన్న ఈ దేహం పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ ఎంత మారిందో అడిగితే చెప్పలేం. ఇది శోచనీయం కాదా?

ఈ మాట ఊరికే అనడం లేదు. జుమా నమాజుకు వెళ్లినప్పుడు మసీదులో ఒకసారి చుట్టూ చూడండి. గోడ పక్కన, వరుస చివర ఎన్ని కుర్చీలున్నాయో లెక్కపెట్టండి. ఒకప్పుడు ముదిమి మీదపడిన ఒకరిద్దరు పెద్దలకే కుర్చీ అవసరమయ్యేది. ఇప్పుడు యాభై ఏళ్లు దాటీ దాటని వారు కూడా వాటిలో కనిపిస్తున్నారు. నిజంగా రోగగ్రస్తులైనవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చని ధర్మమే వెసులుబాటు ఇచ్చింది. మన బాధ అది కాదు. కొంచెం జాగ్రత్త పడి ఉంటే మరో ఇరవై ఏళ్లు నేల మీద సజ్దా చేయగలిగి ఉండేవారు కూడా ఆ కుర్చీల్లోకి చేరుతున్నారే అన్నదే బాధ.

రోజుకు ఐదు పూటలా ఫర్జ్ నమాజులు కలిపి 17 రకాతులు. రకాతుకు రెండు చొప్పున 34 సజ్దాలు. అంటే నేల మీద నుంచి లేవడం, మళ్లీ నేలకు వంగడం రోజూ ఎన్నోసార్లు జరుగుతుంది. నమాజు ఆరాధన, వ్యాయామం కాదు. దాన్ని కసరత్తుగా చూపించే ప్రయత్నాలు సరికావు. కానీ ఆ ఆరాధనను నిండుగా చేయాలంటే తొడల్లో, మోకాళ్లలో, నడుములో సత్తువ ఉండాలి కదా! ఆ సత్తువ ఎక్కడికి పోతోంది?

దేశం మొత్తం పరిస్థితి చూస్తే మనకు జవాబు దొరుకుతుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన భారీ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్లు, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున నిలిచి ఉన్నట్లు ఆ అధ్యయనం అంచనా వేసింది. పెద్దవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి అధిక రక్తపోటు ఉందని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన మరో లెక్క ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి చాలినంత శరీర శ్రమ లేదు. పురుషుల్లో ఇది 42 శాతం, స్త్రీలలో 57 శాతం. ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే చివర పడుకునే మన తల్లులూ చెల్లెళ్లూ ఈ లెక్కలో ముందుండటం గమనార్హం. అలసట వేరు, వ్యాయామం వేరు అన్న సంగతి ఇక్కడే తెలుస్తుంది.

ధర్మవరం నేత కార్మికుణ్ణే తీసుకోండి. గుంట మగ్గంలో కాళ్లు దింపి ఉదయం నుంచి చీకటి పడేదాకా కూర్చుంటాడు. చేతులూ కాళ్లూ ఆడుతూనే ఉంటాయి. సాయంత్రానికి ఒళ్లు హూనమవుతుంది. ‘‘మాకు వేరే వ్యాయామం ఎందుకు?’’ అని అతను అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఆ పనిలో ఆడే కండరాలు అవే ఆడతాయి, ముడుచుకున్న నడుము ముడుచుకునే ఉంటుంది. గుండె వేగం పెంచే నడక ఉండదు. హిందూపురంలో దుకాణం గల్లా మీద కూర్చునే వ్యాపారికి, పెనుకొండ రోడ్డు మీద ఆటో నడిపే యువకుడికి, ఇంట్లో కుట్టుమిషను తొక్కే చెల్లెలికి కూడా ఇదే వర్తిస్తుంది. వారి శ్రమ గొప్పది. అయినా శరీరానికి కావలసినదంతా ఆ శ్రమ ఇవ్వదు.

తిండి కూడా మారింది. ఈ కరువు సీమలో మన తాతలు రాగి సంగటి, ఉలవచారు, జొన్న రొట్టె తిని మైళ్లు నడిచారు. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం, పెళ్లి ఉంటే బిర్యానీ, పెళ్లి లేకపోతే బేకరీ. నడక మాత్రం ఇంటి గుమ్మం నుంచి మోటారు సైకిలు దాకానే. రాబడి పెరిగి ఖర్చు తగ్గితే వ్యాపారంలో లాభం. శరీరంలో మాత్రం అది పొట్టగా మారుతుంది.

ఇదంతా తెలియనిదేమీ కాదు. తెలిసి కూడా మనం ఎందుకు గెలవలేకపోతున్నాం? కారణం ఒక్కటే. మనం ఉత్సాహాన్ని నమ్ముకుంటాం, అలవాటును నమ్ముకోం. డాక్టరు షుగరు ఉందని చెప్పిన మర్నాడు తెల్లవారుజామునే ఐదు కిలోమీటర్లు నడుస్తాం. మూడో రోజుకు పిక్కలు పట్టేస్తాయి. పదో రోజుకు చెప్పులు మూల పడతాయి. యువకులైతే తమ్ముడి పెళ్లికి నెల ముందు జిమ్ములో చేరతారు. మొదటి రోజే పక్కవాడెత్తిన బరువు ఎత్తబోయి భుజం పట్టించుకుంటారు. రమజాన్ నెలలో తగ్గిన బరువు, పండుగ దాటిన కొన్ని వారాలకే తిరిగి వచ్చేస్తుంది. ఇవన్నీ పెద్ద పెద్ద అంగలు. పెద్ద అంగ వేసినవాడు పడితే దెబ్బ కూడా పెద్దదే.

అల్లాహ్‌కు అమితంగా నచ్చే ఆచరణ కొద్దిపాటిదైనా నిలకడగా చేసేదేనని దైవప్రవక్త (స) బోధించారు. మన దేహానికి కూడా మన మీద హక్కు ఉందని ఒక సహచరుడికి నచ్చజెప్పారు. పగలల్లా ఉపవాసాలు, రాత్రంతా నమాజులు చేస్తూ తనను తాను అరగదీసుకుంటున్న యువకుడికి చెప్పిన మాట అది. ఆరాధనలోనే అతి పనికిరాదని చెప్పిన ధర్మంలో, కసరత్తులో అతి పనికొస్తుందా? నిలకడ ఒక్కటే రెండింటికీ మార్గం.

నిలకడ అంటే ఏమిటో చూడాలంటే దూరం పోనక్కరలేదు. నిజామాబాద్‌లో ఒక సాధారణ ముస్లిం కుటుంబంలో 1996లో పుట్టిన నిఖత్ జరీన్ పదమూడేళ్ల ప్రాయంలో బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. 2011లో టర్కీలో జరిగిన జూనియర్ స్థాయి ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచింది. అక్కడి నుంచి పెద్దల ప్రపంచ విజేత కావడానికి ఎంతకాలం పట్టింది? పదకొండేళ్లు! మధ్యలో 2017లో భుజానికి గాయమై చాలాకాలం పోటీలకు దూరమైంది. తిరిగి వచ్చి, ఒక్కొక్క మెట్టే ఎక్కి, 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచింది. 2023లో ఢిల్లీలో మరోసారి గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం దక్కకుండానే వెనుదిరిగింది. గెలుపు ఒక్కటే చూసేవారికి ఆ పదకొండేళ్లు కనిపించవు. ఆ పదకొండేళ్లే అసలు కథ.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి కథ కూడా అలాంటిదే. పన్నెండేళ్ల వయసులో నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులు ఎత్తడం మొదలుపెట్టిన ఆమె, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ 240 కిలోలు ఒక్కరోజున ఆమె చేతికి రాలేదు. బరువులెత్తే క్రీడలో పురోగతి చిన్న చిన్న బిళ్లల మీద నడుస్తుంది. నిన్న ఎత్తినదానికి ఇవాళ ఒక బిళ్ల కలుస్తుంది. ఎంత ఎత్తిందీ, ఎన్నిసార్లు ఎత్తిందీ పుస్తకంలోకి ఎక్కుతుంది. పుస్తకం చూడకుండా మర్నాటి బరువు నిర్ణయించే గురువు ఉండడు.

హైదరాబాద్ ముద్దుబిడ్డ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్‌ను నేటి తరం ఎంతమంది ఎరుగుదురు? ఆయన మొదట ఉపాధ్యాయుడు. తర్వాత ఫుట్‌బాల్ గురువు. ఆయన శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కుడికాలితో బాగా ఆడే కుర్రవాళ్లకు ఎడమకాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టడం ఆయన పద్ధతుల్లో ఒకటి. ఉన్న బలాన్ని మెచ్చుకుంటూ కూర్చోకుండా, ఉన్న లోపాన్ని వెతికి, దాన్ని రోజూ కొంచెం కొంచెం సరిదిద్దడం ఆయన విద్య. క్యాన్సర్‌తో పోరాడుతూనే 1962 జట్టును నడిపించి, మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

మేమేమైనా ఒలింపిక్స్‌కు పోతామా అని మీరు అడగవచ్చు. న్యాయమే. మన అవసరం మోకాళ్లు. ఆ మోకాళ్ల దగ్గరే ఒక గొప్ప పాఠం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి మోకాళ్లు పట్టేసిన అమెరికా సైనికులకు థామస్ డిలార్మ్ అనే సైనిక వైద్యుడు చికిత్స చేశాడు. అప్పటిదాకా అలాంటివారితో తేలికపాటి కదలికలే ఎక్కువసార్లు చేయించేవారు. డిలార్మ్ మరో దారి పట్టాడు. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో చూసి, దానితో సాధన చేయించాడు. వారానికి ఒకసారి మళ్లీ పరీక్షించి, బలం పెరిగిన మేరకే బరువు పెంచాడు. 1945లో ఈ పద్ధతిని ప్రచురించాడు. నేటికీ ఫిజియోథెరపీలో కండరాల బలం పెంచే సాధనకు ఇదే పునాది. రెండే రెండు సూత్రాలు: కొంచెం పెంచు, వారానికోసారి లెక్క చూడు. పట్టేసిన మోకాలు నయం కావడానికి పనికొచ్చిన సూత్రం, పట్టేయబోతున్న మోకాలికి పనికిరాదా?

మధుమేహం విషయంలో కూడా చిన్న మార్పుల శక్తి మన పొరుగునే రుజువైంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిని సుమారు మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో 55 శాతం మంది మధుమేహ రోగులయ్యారు. రోజూ అరగంట నడక, తిండిలో కొద్దిపాటి మార్పులు చేయించి, మధ్య మధ్య పలకరించి గుర్తుచేసినవారిలో అది 39 శాతానికి తగ్గింది. ఆ మార్పుల్లో మందు లేదు, మాత్ర లేదు, జిమ్ము ఫీజు లేదు. మరుగున పడకూడని మరో మాట ఏమిటంటే, వారిని వదిలేయకుండా ఎవరో ఒకరు వెంటపడి లెక్క అడిగారు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మీరు ఎక్కడున్నారో అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ కావాలి. వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని ఉండాలి. 150 నిమిషాలంటే భయపడకండి. మొదటి వారం రోజుకు పది నిమిషాలు నడవండి, వారానికి ఐదు రోజులు. ప్రతి వారం రెండే రెండు నిమిషాలు కలపండి. పదకొండో వారానికి మీ నడక అరగంటకు చేరుతుంది. ఐదు రోజులు, అరగంట చొప్పున, 150 నిమిషాలు! ఏ వారమూ మీకు కష్టంగా అనిపించదు. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత వేగంలో నడిస్తే చాలు.

రోజుకు పదివేల అడుగులు వేయకపోతే ఫలితం ఉండదని చాలామంది అనుకుంటారు. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే ఒక పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరులోంచి పుట్టింది. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2022లో ప్రచురించిన సమీక్షలో అరవై దాటినవారికి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే ప్రయోజనం దాదాపు పూర్తిగా అందుతున్నట్లు తేలింది. అసలు నడవనివారు రెండు వేలు కలిపినా మేలే.

తొడల బలానికి కుర్చీనే సాధనంగా వాడుకోండి. చేతులు లేకుండా కుర్చీలోంచి లేచి నిలబడి, మెల్లగా మళ్లీ కూర్చోండి. మొదటి వారం ఐదుసార్లు. ప్రతి వారం ఒక్కటి పెంచండి. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూడటం వైద్యులు వాడే పరీక్ష. అరవై నుంచి అరవైనాలుగేళ్ల వయసులో పురుషులు 14 కంటే, స్త్రీలు 12 కంటే తక్కువసార్లు లేస్తే బలం తగ్గుతోందని, పడిపోయే ప్రమాదం పెరుగుతోందని అర్థం. మసీదులో కుర్చీ పట్టకుండా ఉండాలంటే ఇంట్లో కుర్చీతో ఇలా స్నేహం చేయాలి!

ఇక లెక్క. ఈ వ్యాసంలో అసలు చెప్పదలచుకున్నది ఇదే. చిన్న మెరుగుదల కంటికి కనిపించదు. కంటికి కనిపించనిదాన్ని మనసు నమ్మదు. మనసు నమ్మనిదాన్ని మనిషి వదిలేస్తాడు. అందుకే రాసుకోవాలి. అడుగులు లెక్కించే పరికరం ధరించినవారిపై జరిగిన 26 అధ్యయనాలను 2007లో సమీక్షించిన అమెరికా పరిశోధకులు, ఆ లెక్క చూసుకుంటున్నవారు రోజుకు రెండు వేలకు పైగా అడుగులు ఎక్కువ వేస్తున్నట్లు గుర్తించారు. పరికరం కాళ్లు కదపదు. లెక్క కదుపుతుంది.

ఆత్మపరిశీలన మనకు కొత్త మాట కాదు. రేపటి కోసం ఏం పంపుకున్నామో ప్రతి ఒక్కరూ చూసుకోవాలని దివ్య ఖురాన్ హష్ర్ సూరా హెచ్చరిస్తోంది. మన పెద్దలు దీన్నే ముహాసబా అన్నారు. కర్మల లెక్క చూసుకునేవారికి అమానతుగా దక్కిన దేహం లెక్క చూసుకోవడం బరువా? దానికి శుక్రవారం చక్కని రోజు. జుమా కోసం ఎలాగూ గుస్ల్ చేస్తాం, గోళ్లు తీసుకుంటాం, మంచి బట్టలు వేసుకుంటాం. ఆ ఉదయం ఐదు నిమిషాలు ఈ పనికి కేటాయించండి.

ఒక పావలా సైజు నోటు పుస్తకం చాలు. అందులో నాలుగే నాలుగు అంకెలు రాయండి. ఈ వారం మొత్తం ఎన్ని నిమిషాలు నడిచాను? ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచాను? నడుము చుట్టుకొలత ఎంత? ఎన్ని రాత్రులు నిండుగా నిద్రపోయాను? భారతీయులలో పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచన. బరువు చూసుకోవాలనుకుంటే వారానికి ఒకసారి, ఒకే వేళ, ఒకే త్రాసు మీద చూసుకోండి. రోజూ ఎక్కి దిగితే లాభం లేదు. ఒంట్లో నీటిని బట్టి, తిన్న ఉప్పును బట్టి రోజుకో తీరుగా చూపిస్తుంది. ఆ అంకెతో అనవసరంగా దిగులు పడతాం.

లెక్క చూసిన తర్వాత మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి. ఏది జరిగింది? ఏది జరగలేదు? జరగకపోవడానికి కారణం ఏమిటి? ‘‘బద్ధకం’’ అని రాసి ఊరుకోకండి. అది తీర్పు, కారణం కాదు. ‘‘ఇషా తర్వాత నడుద్దామనుకున్నాను, కరెంటు పోయింది, వీధి కుక్కలకు భయపడ్డాను’’ అని రాస్తే అది కారణం. దానికి పరిష్కారం ఉంది. వచ్చే వారం ఫజర్ తర్వాత నడవండి. ప్రతి శుక్రవారం ఒక్క అడ్డంకిని తొలగిస్తే ఏడాదికి యాభై అడ్డంకులు తొలగుతాయి.

అంకె పెరగని వారాలు తప్పక వస్తాయి. జ్వరం వస్తుంది. ఇంట్లో శుభకార్యం వస్తుంది. మగ్గం మీద చీర ఆర్డరు నెత్తిన కూర్చుంటుంది. అప్పుడు పెంచవద్దు, మానవద్దు. పది నిమిషాలైనా, ఐదు నిమిషాలైనా చేయండి. లండన్ పరిశోధకులు 2010లో 96 మందిని గమనించి, కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టిందని తేల్చారు. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 250 రోజులు దాటుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదన్నది అందులో ఊరటనిచ్చే మాట. కాబట్టి ఒక రోజు పోయిందని మొత్తం పుస్తకాన్ని మూసేయకండి. మూడు వారాలు వరుసగా ఒక అంకె కదలకపోతే మాత్రం పద్ధతి మార్చండి. నడక వేగం పెంచండి, లేదా రాత్రి భోజనంలో రెండు గరిటెల అన్నం తగ్గించి కూర పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

శరీరం కూడా తన లెక్క తాను రాసుకుంటుంది. మధుమేహం ఉన్నవారికి డాక్టర్లు రాసే హెచ్‌బీఏ1సీ పరీక్ష అలాంటిదే. రక్తంలోని ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలంలో రక్తంలో ఎంత చక్కెర ఉందో దాని జాడ ఆ కణం మీద మిగులుతుంది. పరీక్ష ముందురోజు స్వీట్లు మానేసినా ఆ ఖాతాను ఏమార్చలేం. గడిచిన రెండు మూడు నెలల బతుకు అందులో ఉంటుంది. 6.5 శాతం చేరితే మధుమేహం, 5.7 దాటితే హెచ్చరిక. వారం వారం మనం రాసుకున్న పుస్తకాన్ని ఈ ఖాతాతో సరిచూసుకుంటే మన కష్టం ఎటు పోతోందో తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు అవసరం. గుండె జబ్బు ఉన్నవారు, ఛాతీలో నొప్పి లేదా ఆయాసం వచ్చేవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరు మాత్రలు వేసుకునేవారు ఖాళీ కడుపుతో ఎక్కువ నడిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. జేబులో బెల్లం ముక్కో, చక్కెర పొట్లమో ఉంచుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు వట్టి కాళ్లతో నడవరాదు. ఉపవాసాల నెలలో మందుల వేళల గురించి ముందుగానే వైద్యుణ్ణి సంప్రదించాలి. కండరం కొంచెం నొప్పి పెడితే ఫరవాలేదు. కీలులో పోటు వస్తే ఆగాలి.

ఈ బాధ్యత వ్యక్తులతోనే ముగియదు. మన జమాతులు, మసీదు కమిటీలు కూడా ఆలోచించాలి. మసీదు వరండాలో ఒక రక్తపోటు యంత్రం, ఒక కొలత టేపు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? పెళ్లి విందులో ఒక వంటకం తగ్గిస్తే సరిపోదా? జుమా తర్వాత పది నిమిషాలు చదువుకున్న కుర్రవాళ్లు ఇద్దరు కూర్చుని పెద్దల అంకెలు చూసి రాస్తే అదొక సేవ. ఫజర్ తర్వాత ఐదుగురు కలిసి నడిస్తే, రాని ఒక్కడి కోసం నలుగురు వాకబు చేస్తారు. అలా వాకబు చేసేవారు ఉన్న మనిషి త్వరగా మానుకోడు.

మన ఆడవారి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మగవారికి వీధి ఉంది, మైదానం ఉంది. వారికేముంది? 57 శాతం లెక్క వెనుక బద్ధకం లేదు, చోటు లేకపోవడం ఉంది. తెల్లవారుజామున గంటసేపు పాఠశాల మైదానాన్ని స్త్రీలకు కేటాయించమని పెద్దలు అడగవచ్చు. అంతవరకు మిద్దె మీద నడవడానికైనా ఆ అరగంట వారికి ఇంటి పని నుంచి విడుదల ఇవ్వాలి. పొయ్యి దగ్గర ఆ కాసేపు భర్త నిలబడితే తప్పేమీ లేదు. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో చేయి వేసేవారు. తన సహధర్మచారిణి ఆయిషా (రజి)తో పరుగు పందెం కూడా వేశారు. నిఖత్ జరీన్‌ను చూసి చప్పట్లు కొట్టే మనం, మన ఇంటి ఆడపిల్ల మైదానానికి వెళ్తానంటే ముఖం చిట్లించడం ఏ న్యాయం?

అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె పిల్లల కోసం క్రీడా గ్రామాన్ని నెలకొల్పింది. 2010లో స్పెయిన్ టెన్నిస్ వీరుడు రఫేల్ నడాల్ సంస్థ అక్కడ టెన్నిస్ కేంద్రం తెరిచింది. కరువు జిల్లా పిల్లల చేతికి రాకెట్ అందడం మంచి విషయం. కానీ ప్రతి ఊరికీ నడాల్ రాడు. ప్రతి ఊరికీ ఒక రోడ్డు ఉంది, ఒక మసీదు వరండా ఉంది, ప్రతి ఇంటికీ ఒక కుర్చీ ఉంది. వాటితోనే మొదలుపెట్టాలి.

బలహీనుడైన విశ్వాసి కంటే బలవంతుడైన విశ్వాసి మేలని, అయితే ఇద్దరిలోనూ మంచి ఉందని ప్రవక్త (స) ప్రవచనం. కాబట్టి నిన్నటి బలహీనతను తలచుకుని సిగ్గుపడనక్కరలేదు. పక్కవారితో పోల్చుకోనక్కరలేదు. పోయిన శుక్రవారం రాసిన అంకెతో ఈ శుక్రవారం అంకెను పోల్చుకుంటే చాలు. ఒక్కటి పెరిగితే అల్లాహ్‌కు కృతజ్ఞత తెలుపుకుందాం. పెరగకపోతే కారణం వెతుకుదాం. ఈ రోజు జుమా నుంచి ఇంటికి వచ్చాక ఒక నోటు పుస్తకం తీసి తేదీ వేయండి. నాలుగు అంకెలు రాయండి. మొదటి పేజీలోని అంకెలు ఎంత చిన్నవైనా ఫరవాలేదు. రెండో పేజీ ఖాళీగా ఉండకూడదు.